యాక్సిల్ ఒక్కరోజులో విరగదు



ఈ సంచికకి ‘మనల్ని మనం చూసుకోవడం’ అనే విషయం మీద పాఠంలా ఏదైనా రాయమని మన క్లబ్ వాళ్లు అడిగితే మొదట నవ్వొచ్చింది. సెకండియర్‌లో మూడు సబ్జెక్టులు పోగొట్టుకుని, ఆ సంగతి ఇంట్లో నాలుగు నెలలు దాచినవాడిని నేను. నేనా పాఠం చెప్పేది? తర్వాత ఆలోచిస్తే, నాకు చెప్పే అర్హత ఉన్న పాఠం ఏదైనా ఉంటే అది ఇదొక్కటే అనిపించింది. అందుకే రాస్తున్నాను. ముఖ్యంగా జూనియర్స్ కోసం.

ముందు జరిగింది చెప్తాను

2-1 రిజల్ట్స్ వచ్చిన రోజు సాయంత్రం నాన్న ఫోన్ చేశారు. ఆయన తెనాలి దగ్గర ట్రాక్టర్ మెకానిక్. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అదే దుకాణం.

“ఎలా వచ్చాయిరా?”

“బాగానే వచ్చాయి నాన్నా.”

అంతే. రెండు మాటలు. నిజానికి మెకానిక్స్ ఆఫ్ సాలిడ్స్, థర్మోడైనమిక్స్, మ్యాథ్స్ మూడూ పోయాయి. తర్వాత చెబుదాంలే అనుకున్నా. వారం తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది, ఎందుకంటే ఇప్పుడు తప్పడం ఒక సంగతి, అబద్ధం ఇంకో సంగతి. నెల తర్వాత అమ్మ సీజీపీఏ ఎంత అని అడిగితే ఒక నంబర్ చెప్పాను. ఆ నంబర్ నాన్న షెడ్డుకొచ్చే వాళ్లందరికీ చెప్పుకున్నారని తర్వాత తెలిసింది.

అప్పట్నుంచి నా రోజు ఇలా ఉండేది. రాత్రి 3 దాకా ఫోన్. పొద్దున 10కి లేవడం, ఫస్ట్ అవర్ పోవడం. మెస్‌లో టిఫిన్ అయిపోయేది, క్యాంటీన్‌లో ఒక టీతో మధ్యాహ్నం దాకా. ఇంటి నుంచి ఫోన్ వస్తే కడుపులో ఏదో తిప్పినట్టుండేది. క్లాసులో మాత్రం అందరికంటే ఎక్కువ జోకులు నావే. “ఏంటి మామా, ఎలా ఉన్నావ్?” అంటే “మనకేంటి మామా, సూపర్” అనేవాణ్ని. అటెండెన్స్ 75 కిందకి జారింది. చదువుదామని పుస్తకం తీస్తే మొదటి పేజీలోనే ఆగిపోయేవాణ్ని.

బయటి నుంచి చూసినవాళ్లకి నాలో ఏ తేడా కనపడలేదు. పాఠం అక్కడే ఉంది.

రెసిలియెన్స్ అంటే మన సిలబస్‌లో ఏముంది?

ఈ మాటని మోటివేషన్ వీడియోల్లో తెగ వాడతారు గానీ, మెకానికల్, సివిల్ వాళ్లకి ఇది సాలిడ్స్ పేపర్లో రెండు మార్కుల ప్రశ్న. ఒక లోహం మీద బరువు పడినప్పుడు, శాశ్వతంగా వంకరపోకుండా, ఎలాస్టిక్ పరిధిలోనే ఎంత శక్తిని లోపలికి తీసుకోగలదో, బరువు తీసేశాక దాన్ని తిరిగి ఇచ్చేసి మామూలు ఆకారానికి ఎంత బాగా రాగలదో, అదే రెసిలియెన్స్. గ్రాఫ్‌లో ఎలాస్టిక్ లిమిట్ దాకా గీత కింద ఉండే వైశాల్యం.

మనం పొరబడేది ఒకచోట ఉంది. గట్టిగా ఉండటం వేరు, తట్టుకోవడం వేరు. పోత ఇనుము చాలా గట్టిది. వంగదు. కానీ సమ్మెట దెబ్బ పడితే వంగకుండానే పగులుతుంది. లారీ కింద ఉండే కమాన్ పట్టీలు వంగుతాయి, ప్రతి గుంతకీ వంగుతాయి, మళ్లీ లేస్తాయి. బండినీ సరుకునీ కాపాడేది ఆ వంగడమే. “నాకేం కాదు మామా” అనేవాళ్లం చాలామందిమి పోత ఇనుము బాపతు. వంగినట్టు కనపడితే చిన్నతనం అనుకుంటాం.

ఇక రెండో సంగతి, ఫెటీగ్. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలింజన్ యాక్సిల్ విరిగి 50 మందికి పైగా చనిపోయారు. అప్పటిదాకా విరగని యాక్సిలే. మరి ఆ రోజే ఎందుకు విరిగింది? ఇలాంటి ప్రశ్నకి జవాబు వెతుకుతూ ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ రైల్వే ఇంజనీర్ 1850లు, 60లలో యాక్సిళ్ల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. ఒక్కసారి పడితే ఏమీ కాని బరువు కూడా లక్షలసార్లు పడితే విరగ్గొడుతుందని తేల్చాడు. డిజైన్ పేపర్లో మనం గీసే ఎస్-ఎన్ కర్వ్ ఆయన పని నుంచి వచ్చిందే.

నాకు ఈ పాఠం క్లాసు కంటే ముందే షెడ్డులో చెప్పారు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ట్రాక్టర్ యాక్సిల్ విరిగి వచ్చింది. నాన్న ఆ విరిగిన మొహాన్ని గుడ్డతో తుడిచి చూపించారు. సగం భాగం నున్నగా, అలలు అలలుగా ఉంది. మిగతాది గరుకుగా, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. “ఈ గరుకుది ఇవ్వాళ విరిగింది. ఈ నున్నటిది ఎప్పుడో మొదలైందిరా. అప్పుడే చూసుకుంటే ఇంత దాకా వచ్చేది కాదు” అన్నారు. నున్నటి భాగం అంటే పగులు రోజూ కొంచెం కొంచెంగా పాకుతూ, రెండు మొహాలూ ఒకదానికొకటి రాసుకుని అరిగిన చోటు.

మనిషి సంగతీ దాదాపు ఇంతే. ఒక్క బ్యాక్‌లాగ్‌కి ఎవరూ విరిగిపోరు. రోజూ తక్కువ నిద్ర, రోజూ ఖాళీ కడుపు, రోజూ ఒక చిన్న అబద్ధం. పైన పెయింట్ బాగుంటే పగులు కనపడదు. కానీ పోదు.

నాకు పనికొచ్చిన అలవాట్లు

ఇవేవీ కొత్తవి కావు. అమ్మ ఫోన్లో రోజూ చెప్పేవే. ఎందుకు పనిచేస్తాయో తెలిశాక వినబుద్ధయింది.

1. లేచే టైం ఒకటే ఉంచడం

పడుకునే టైం మన చేతిలో ఉండదు. రికార్డులు, అసైన్‌మెంట్లు, పక్క రూంలో బర్త్‌డేలు. లేచే టైం మాత్రం పట్టుకోవచ్చు. నేను ఆరున్నర పెట్టుకున్నా, ఆదివారం కూడా. మన ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ ఒక గడియారం ఉంటుంది. అది ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి వైద్యంలో నోబెల్ వచ్చింది. ఆ గడియారాన్ని సరిచేసే పెద్ద మీట పొద్దుటి వెలుతురు. లేవగానే వరండాలోకి వెళ్లి పది నిమిషాలు నిలబడితే చాలు.

ఇంకో లెక్క. టీ, కాఫీల్లోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. అంటే రాత్రి 10కి బండి దగ్గర తాగిన టీలో సగం, 3 గంటలకి కూడా లోపలే ఉంది. “నిద్ర పట్టట్లేదు మామా” అని 3కి స్టేటస్ పెట్టేవాణ్ని కదా, కారణం నా చేతిలోని గ్లాసే. పైగా పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నైటవుట్ చేసి చదవడం అంటే పోత పోసి, అది గట్టిపడకముందే అచ్చు విప్పేయడం.

చిట్కా: ఛార్జర్‌ని మంచం దగ్గర కాకుండా టేబుల్ దగ్గర ప్లగ్‌లో పెట్టండి. అలారం ఆపాలంటే లేవాల్సిందే.

2. టిఫిన్ మానకపోవడం

మెస్ ఉప్మా గురించి మనం రాసిన కవితలు ఈ పత్రికలోనే వచ్చాయి, అవన్నీ నిజమే. అయినా తినండి. తినబుద్ధి కాని రోజు రెండు అరటిపళ్లు, ఒక ఉడకబెట్టిన గుడ్డు. బ్యాగులో రెండు పల్లీపట్టీలు. నేను ఒక విషయం ఆలస్యంగా గమనించాను. 11 గంటలకి “నా జీవితం ఇంతే” అనిపించే రోజుల్లో చాలావాటికి కారణం జీవితం కాదు, ఖాళీ కడుపు.

3. రాత్రి భోజనం తర్వాత నడక

పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఏడుతో భాగిస్తే రోజుకి 22 నిమిషాలు కూడా లేదు. మన గ్రౌండ్ చుట్టూ నాలుగైదు రౌండ్లు. జిమ్ ఫీజు అక్కర్లేదు. ఒకటే షరతు, ఫోన్ రూంలో వదిలెయ్యాలి. మొదటి మూడు రోజులు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాలుగో రోజు రూమ్మేట్ కూడా వచ్చాడు. ఏడాదిన్నరగా ఒకే గదిలో ఉన్నా, వాళ్ల నాన్నకి ఆపరేషన్ అయిందని నాకు తెలిసింది ఆ నడకలోనే.

4. రోజుకి మూడు లైన్లు, తెలుగులో

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను.

1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశాడు. వరసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు, కొందర్ని తమ మనసుని బాగా కష్టపెట్టిన సంగతుల గురించి, కొందర్ని మామూలు విషయాల గురించి రాయమన్నాడు. ఏం జరిగిందో, దాని గురించి ఏమనిపించిందో రెండూ రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో డాక్టర్ దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వాళ్లకి హాయిగా ఏమీ లేదు, ఇంకొంచెం బాధగానే ఉంది. డైరీ రాయగానే మనసు తేలికైపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. టైం పడుతుంది.

నేను 15 నిమిషాలు రాయలేను. మూడు లైన్లు పెట్టుకున్నా. ఇవ్వాళ ఏం జరిగింది? నాకేమనిపించింది? రేపు చేసే ఒక చిన్న పని ఏంటి?

చిక్కంతా రెండో లైన్‌తో వచ్చింది. వారం రోజులు వరసగా ‘టెన్షన్’ అనే రాశాను. చదువుకుంటే అన్ని రోజులూ ఒకేలా ఉన్నాయి. అప్పుడు ఒక నియమం పెట్టుకున్నా: ఈ లైన్లో ఇంగ్లీషు మాట వాడకూడదు. భాషాభిమానంతో కాదు, నాకు వేరే మాటలు వెతుక్కోవాల్సిన అవసరం పడాలని. చూస్తే మన దగ్గర ఎన్ని ఉన్నాయో!

కంగారు: దగ్గరపడిన పని గురించి. మందు, ఆ పనిని పది నిమిషాలైనా మొదలుపెట్టడం.

బెంగ: ఒక మనిషి గురించి, ఒక ఇంటి గురించి. దీనికి చదువు మందు కాదు, ఇంటికి ఫోన్ చేయడమే మందు.

దిగులు: ముందేమవుతుందో అన్న మసక. దీన్ని ఒంటరిగా మొయ్యకూడదు, ఎవరితోనైనా అనాలి.

ఉక్రోషం: ఎదురు చెప్పలేకపోయిన కోపం. వైవాలో అందరి ముందు మాటపడ్డ రోజు ఉండేది ఇదే. నడిస్తే తగ్గుతుంది. అదే ఊపులో గ్రూపులో మెసేజ్ పెడితే పెరుగుతుంది.

కుళ్లు: పక్కవాడికి ఇంటర్న్‌షిప్ వచ్చినప్పుడు. రాసుకోవడానికి సిగ్గేసింది. రాసుకున్నాక మర్నాడు వాడిని మనస్ఫూర్తిగా అభినందించగలిగాను.

నీరసం: ఇది అసలు మనసుది కాదు. ఒంటిది. నేను దిగులనుకున్న రోజుల్లో సగం ఇదే.

నామోషీ: నలుగురిలో తక్కువైపోతామన్న బాధ.

మనకి కలిగిన భావానికి పేరు పెట్టినప్పుడు మెదడులో భయానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగం కొంత శాంతిస్తుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం స్కానింగులతో చూపించింది. కానీ సరైన పేరు పెట్టాలి. అన్ని జబ్బులకీ ‘జ్వరం’ అని రాస్తే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?

మూడు వారాల తర్వాత నా నోట్‌బుక్ వెనక్కి తిప్పితే ఒక్క మాటే పదకొండు సార్లు కనపడింది. నామోషీ. ఎప్పుడెప్పుడు? ఇంటి నుంచి ఫోన్ వచ్చిన ప్రతి రోజూ. అప్పటిదాకా నా సమస్య చదువనుకున్నాను. నోట్‌బుక్ ఇంకోటి చెప్పింది.

5. ఒక్కరి దగ్గరైనా వేషం తీసెయ్యడం

మన క్లబ్‌లో చాలామంది గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ చదివే ఉంటారు. అందులో సీతారామారావుని కుంగదీసింది పేదరికం ఒక్కటే కాదు. ఉన్నదంతా పోతున్నా, వంశం పేరూ తన గొప్పా నిలబెట్టుకోవాలన్న తాపత్రయం. మొదటిసారి చదివినప్పుడు ఆయన మీద నాకు విసుగొచ్చింది. లేని సీజీపీఏ చెప్పాక మళ్లీ చదివితే విసుక్కోవడానికి ధైర్యం చాల్లేదు.

సప్లీ ఫీజుకి ఆఖరు తేదీ వారం ఉందనగా శనివారం ఊరెళ్లాను. షెడ్డులో నాన్న ఒక్కరే ఉన్నప్పుడు చెప్పాను. మూడు పోయాయని, నాలుగు నెలల నుంచి చెప్పలేదని, సీజీపీఏ నంబర్ అబద్ధమని.

ఆయన నన్ను దగ్గరికి తీసుకోవడం లాంటివేమీ జరగలేదు. చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్లి ఏదో పానా వెతుక్కున్నారు. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడలేదు. అమ్మ ఏడ్చింది. ఆ రాత్రి, చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను.

పొద్దున బస్టాండుకి బండి మీద ఆయనే దింపారు.

“ఫీజెంత?” అన్నారు. చెప్పాను.

“ఇంకేమైనా ఉన్నాయా చెప్పనివి?”

“రూమ్మేట్‌కి 900 ఇవ్వాలి నాన్నా.”

జేబులోంచి లెక్కపెట్టి ఇచ్చారు. బస్సు ఎక్కాక కిటికీ దగ్గరికొచ్చి, “షెడ్డుకొచ్చే వాళ్లకి నేను చెప్పుకుంటాలే. నువ్వు నాకు చెప్పు చాలు” అన్నారు.

ఆ రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోయాను. సబ్జెక్టులు మూడూ అలాగే ఉన్నాయి. బరువు తగ్గలేదు, దాచే పని తగ్గింది. దాచడానికి ఎంత శక్తి పోతుందో అది ఆపాకే తెలిసింది.

ప్రతివాళ్లకీ ఇంట్లోనే చెప్పగలిగే వీలు ఉండదు, నాకు తెలుసు. అక్క, సీనియర్, మెంటర్, ఎవరో ఒకరు. ఒక్క మనిషి దగ్గర “బాగానే ఉన్నా” అనకుండా ఉండగలిగితే చాలు. అందరికీ అన్నీ చెప్పెయ్యడం నిజాయితీ కాదు, స్టేటస్‌లో ఏడవడం అంతకన్నా కాదు.

6. “ఈసారి కుదరదు” అనడం

ఫెస్ట్ పనులు, పక్కవాడి రికార్డు, రాత్రి 11కి బిర్యానీ ప్లాన్. కాదంటే ఏమనుకుంటారో అని ఒప్పుకుని, తర్వాత తిట్టుకుంటూ చేసేవాణ్ని. ఇప్పుడు కారణాలు అల్లకుండా “ఈసారి కుదరదు రా” అంటున్నా. ఇప్పటిదాకా ఒక్క స్నేహమూ పోలేదు.

ఎలా మొదలుపెట్టాలి?

ఆరూ ఒకేసారి మొదలుపెట్టకండి. నేను మొదట అలాగే టైంటేబుల్ గీసి గోడకి అంటించాను, అయిదు రోజులు నడిచింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం చేసిన అధ్యయనంలో ఒక అలవాటు దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. 21 రోజుల ఛాలెంజ్‌లో ఓడిపోయామని బాధపడేవాళ్లు ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి. అదే అధ్యయనం, మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా నష్టమేమీ లేదని కూడా చెప్పింది.

కాబట్టి ఒక్కటి ఎంచుకోండి. దాన్ని ఇప్పటికే చేసే పనికి తగిలించండి. పళ్లు తోముకున్నాక మూడు లైన్లు. భోజనం ప్లేటు పెట్టేశాక నడక. తప్పిన రోజుని వదిలేసి మర్నాడు మళ్లీ చెయ్యండి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఈ అలవాట్లు మెయింటెనెన్స్ మాత్రమే, రిపేర్ కాదు. రెండు వారాలకి పైగా ఏమీ చేయబుద్ధి కాకపోయినా, నిద్ర, తిండి పూర్తిగా చెడినా, బతకడం ఎందుకు అనిపించినా, నడకతో, డైరీతో నెట్టుకురాకండి. అక్కడ డాక్టర్ కావాలి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబర్ 14416. డబ్బులు పడవు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబర్ ఇప్పుడే సేవ్ చేసుకోండి. మీకు అవసరం లేకపోతే పక్క మంచం మీదవాడికి పనికిరావచ్చు.

చివరగా నా సంగతి. సాలిడ్స్, థర్మో మొదటి సప్లీలోనే పాసయ్యాను. రెసిలియెన్స్ రెండు మార్కుల ప్రశ్న ఈసారీ వచ్చింది, రాశాను. మ్యాథ్స్ మళ్లీ పోయింది. ఆ సాయంత్రమే నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. “సరే, మళ్లీ ఎప్పుడు?” అన్నారు. పోయిన నెల మళ్లీ రాశాను, రిజల్ట్ ఇంకా రాలేదు. ఏది వచ్చినా ఆ రోజే ఇంటికి చెప్తాను.

ఇక ఉంటాను. మెస్ మూసే టైమైంది, ఆ తర్వాత నాలుగు రౌండ్లు ఉన్నాయి. రావాలనుకున్నవాళ్లు ఎనిమిదిన్నరకి గ్రౌండ్ గేటు దగ్గరికి రండి. ఫోన్లు రూంలో వదిలేసి.